ఇందిరాగాంధీ జాతీయ వికలాంగుల పింఛను పథకం

ఇందిరాగాంధీ జాతీయ వికలాంగుల పింఛను పథకం భారత ప్రభుత్వ గ్రామీణాభివృద్ధి మంత్రిత్వ శాఖ నిర్వహించే జాతీయ సామాజిక సహాయ కార్యక్రమంలో ఒక భాగము. ఇది 2009 ఫిబ్రవరిలో ప్రారంభమైనది. దారిద్ర్యరేఖకు దిగువన ఉండి, 80 శాతం లేదా అంతకు మించిన వైకల్యం గలవారికి ఈ పథకం కింద కేంద్రం నెలనెలా కొంత మొత్తం ఇస్తుంది. ప్రారంభంలో రూ.200గా ఉన్న ఈ మొత్తం 2012లో రూ.300 అయినది. ఆ తరువాత ఒక దశాబ్దం దాటినా అది పెరగలేదు. ఇదే కాలంలో ఆంధ్రప్రదేశ్‌లో రాష్ట్ర ప్రభుత్వాలు చెల్లించే వికలాంగుల పింఛను రూ.500 నుండి రూ.6,000కు చేరినది. అందువలన ఈ పథకం రాజకీయ చరిత్రలో ఎక్కువ భాగం ఢిల్లీలో కాక రాష్ట్రాల ఎన్నికలలోనే నడిచినదని చెప్పవచ్చును.

పేరు

చట్టాలలోను, ప్రభుత్వ పత్రాలలోను చాలాకాలం "వికలాంగులు" అన్న మాటే వాడుకలో ఉండేది. 2015 డిసెంబరు 27న ప్రధానమంత్రి నరేంద్ర మోదీ తన రేడియో ప్రసంగంలో "దివ్యాంగులు" అన్న పదాన్ని ప్రతిపాదించిన తరువాత అది వ్యాప్తిలోనికి వచ్చినది. మాట మారినంత మాత్రాన హక్కులు రావని పలు వికలాంగ సంఘాలు దీనిని విమర్శించాయి. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ శాఖ పేరులో "విభిన్న ప్రతిభావంతులు" అన్న పదబంధం ఉన్నది. గ్రామాలలో మాత్రం "వికలాంగుల పింఛను" అన్నదే నేటికీ ఎక్కువగా వినబడే పేరు.

రాజ్యాంగ నేపథ్యం

నిరుద్యోగము, వార్ధక్యము, అనారోగ్యము, అంగవైకల్యము కలిగినప్పుడు ప్రభుత్వ సహాయం పొందే హక్కును తన ఆర్థిక శక్తికి లోబడి కల్పించాలని రాజ్యాంగంలోని 41వ అధికరణం రాజ్యానికి నిర్దేశిస్తుంది. ఇది ఆదేశిక సూత్రాలలో ఒకటి. 37వ అధికరణం ప్రకారం ఆదేశిక సూత్రాలను న్యాయస్థానాల ద్వారా అమలు చేయించుకొనే వీలు లేదు.

అధికార విభజనలో వికలాంగులకు, పనిచేయలేనివారికి సహాయం అన్న అంశం 7వ షెడ్యూలులోని రాష్ట్ర జాబితాలో 9వ పద్దుగా ఉన్నది. సామాజిక భద్రత, సామాజిక బీమా ఉమ్మడి జాబితాలో 23వ పద్దుగా ఉన్నాయి. ఈ ఏర్పాటు వలన వికలాంగుల పోషణ ప్రధానంగా రాష్ట్రాల బాధ్యత అయినది. కేంద్రం ఇచ్చేది దానికి తోడ్పాటు మాత్రమే అన్న వాదనకు ఇదే మూలము.

జాతీయ సామాజిక సహాయ కార్యక్రమం

పి.వి.నరసింహారావు ప్రధానమంత్రిగా ఉన్న కాలంలో 1995 ఆగస్టు 15న జాతీయ సామాజిక సహాయ కార్యక్రమం అమలులోనికి వచ్చినది. పేదలకు నగదు సహాయం విషయంలో కేంద్రం దేశవ్యాప్తంగా ఒక కనీస ప్రమాణాన్ని ఏర్పరచడానికి చేసిన తొలి పెద్ద ప్రయత్నమిది. ఇందులో మొదట మూడు భాగాలుండేవి: వృద్ధాప్య పింఛను, కుటుంబ పోషకుడు మరణించినప్పుడు ఇచ్చే సహాయము, ప్రసూతి సహాయము. వృద్ధాప్య పింఛను కింద 65 ఏళ్ళు నిండిన నిరాధారులకు కేంద్రం నెలకు రూ.75 ఇచ్చేది. వికలాంగులకు ఇందులో ప్రత్యేకంగా స్థానం లేదు.

2002-03లో ఈ కార్యక్రమాన్ని కేంద్రం రాష్ట్ర ప్రణాళికలకు బదలాయించినది. 2014-15లో ఇది తిరిగి కేంద్ర ప్రాయోజిత పథకమైనది. అంతకుముందు 2001 నవంబరు 28న ఆహార హక్కు వ్యాజ్యంలో సుప్రీంకోర్టు ఇచ్చిన మధ్యంతర ఉత్తర్వు వృద్ధాప్య పింఛను అమలును కూడా తన పరిశీలనలోనికి తీసుకొని, ప్రతి నెలా 7వ తేదీలోపు చెల్లించాలని ఆదేశించినది. దయగా ఇచ్చే సహాయం హక్కుగా మారే దిశలో ఇది ఒక మలుపు.

చట్టము, ఉద్యమము

వికలాంగుల సమాన అవకాశాల బిల్లు కోసం 1990లలో ఢిల్లీ కేంద్రంగా ఉద్యమం జరిగినది. 1994లో ఏర్పడిన వికలాంగుల హక్కుల బృందానికి నాయకుడైన జావేద్ అబిది ఇందులో ప్రముఖుడు. 1995 డిసెంబరు 19న వికలాంగులు పార్లమెంటు వెలుపల ప్రదర్శన జరిపారు. ఆ సమావేశాలలోనే బిల్లుకు ఆమోదం లభించినది. చట్టం 1996 ఫిబ్రవరి 7న అమలులోనికి వచ్చినది.

ఈ చట్టం 7 రకాల వైకల్యాలను గుర్తించి, 40 శాతాన్ని అర్హతకు కనీస ప్రమాణంగా పెట్టినది. ప్రభుత్వోద్యోగాలలో 3 శాతం రిజర్వేషను కల్పించినది. నిరుద్యోగ భృతి ప్రస్తావన ఉన్నప్పటికీ అది ప్రభుత్వాల ఆర్థిక శక్తికి లోబడినదే. నెలవారీ పింఛనును ఈ చట్టం హక్కుగా చేయలేదు.

ఎంతమందికి సహాయం కావాలో తెలియాలంటే ముందు వారిని లెక్కించవలసి ఉంటుంది. సంఘాల ఒత్తిడి ఫలితంగా 2001 జనాభా లెక్కలలో వైకల్యంపై ప్రశ్న చేర్చారు. దేశంలో 2.19 కోట్ల మంది వికలాంగులున్నట్లు ఆ లెక్కలు తెలిపాయి. 2011లో ఈ సంఖ్య 2.68 కోట్లు, అనగా జనాభాలో 2.21 శాతము.

వికలాంగుల హక్కులపై ఐక్యరాజ్యసమితి 2006 డిసెంబరు 13న ఒక ఒడంబడికను ఆమోదించినది. భారతదేశం దానిపై 2007 మార్చి 30న సంతకం చేసి, అదే ఏడాది అక్టోబరు 1న ధ్రువీకరించినది. ఒడంబడికలోని 28వ అధికరణం తగిన జీవన ప్రమాణాన్ని, సామాజిక రక్షణను హక్కులుగా పేర్కొంటుంది.

పథకం ప్రారంభం

2007 నవంబరు 19న వృద్ధాప్య పింఛను పథకానికి ఇందిరాగాంధీ పేరు పెట్టి, దారిద్ర్యరేఖకు దిగువన ఉన్న 65 ఏళ్ళు నిండిన వారందరికీ దానిని వర్తింపజేశారు. 2009 ఫిబ్రవరిలో, 15వ లోక్‌సభ ఎన్నికలకు రెండు నెలల ముందు, మన్మోహన్ సింగ్ ప్రభుత్వం అదే పేరుతో మరి రెండు పింఛనులను చేర్చినది. వాటిలో ఒకటి వితంతువులకు, రెండవది వికలాంగులకు ఉద్దేశించినది. అప్పటి గ్రామీణాభివృద్ధి మంత్రి రఘువంశ్ ప్రసాద్ సింగ్.

వికలాంగుల పింఛనుకు 18 నుండి 64 ఏళ్ళ వయసు, దారిద్ర్యరేఖకు దిగువన ఉన్న కుటుంబము, తీవ్ర వైకల్యం లేదా బహుళ వైకల్యము అర్హతలుగా నిర్ణయించారు. 2012లో మొత్తాన్ని రూ.300కు, గరిష్ఠ వయసును 79 ఏళ్ళకు పెంచారు. 80 ఏళ్ళు నిండినవారికి వృద్ధాప్య పింఛను కింద రూ.500 లభిస్తుంది.

ఈ నిబంధనలలో రెండు పరిమితులున్నాయి. మొదటిది 80 శాతం నియమము. చట్టం 40 శాతం వైకల్యం ఉన్నవారిని వికలాంగులుగా గుర్తించగా, కేంద్ర పింఛను దానికి రెట్టింపు వైకల్యం ఉన్నవారికే అందుతుంది. ఒక కాలు పోలియోతో చచ్చుబడి, 60 శాతం ధ్రువపత్రం పొందిన వ్యవసాయ కూలీ చట్టం దృష్టిలో వికలాంగుడే అయినా ఈ పథకం పరిధిలోనికి రాడు. రెండవది రాష్ట్రాలవారీగా నిర్ణయించిన గరిష్ఠ సంఖ్య. దేశం మొత్తం మీద ఈ పథకం లబ్ధిదారులు సుమారు 10 లక్షలు మాత్రమే. 2011 లెక్కల ప్రకారం ఇది వికలాంగులలో 4 శాతం లోపు.

ఆంధ్రప్రదేశ్‌లో

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో కేంద్ర పథకం కంటే ముందే వికలాంగులకు రాష్ట్ర పింఛను ఉండేది. 2004లో వై.యస్.రాజశేఖరరెడ్డి ముఖ్యమంత్రి అయ్యేనాటికి పింఛను రూ.75. ఆయన కాలంలో అది దశలవారీగా రూ.200 అయినది. మంద కృష్ణ మాదిగ నాయకత్వాన వికలాంగుల హక్కుల పోరాట సమితి ఈ కాలంలోనే ఆందోళనలు జరిపినది. దశాబ్దం చివరకు వికలాంగుల పింఛను వృద్ధుల పింఛనుతో విడివడి రూ.500 అయినది. వికలాంగుని జీవన వ్యయం ఇతరుల వ్యయం కంటే అధికమన్న సూత్రాన్ని రాష్ట్రం ఆచరణలో అంగీకరించినట్లయినది.

2014లో రాష్ట్ర విభజన అనంతరం ముఖ్యమంత్రి అయిన నారా చంద్రబాబునాయుడు ఆ ఏడాది అక్టోబరు 2న "ఎన్టీఆర్ భరోసా" పథకాన్ని ప్రారంభించారు. వృద్ధులకు, వితంతువులకు రూ.200కు బదులు రూ.1,000 ఇచ్చారు. వికలాంగులలో 40 నుండి 79 శాతం వరకు వైకల్యం ఉన్నవారికి రూ.1,000, 80 శాతం పైబడినవారికి రూ.1,500 నిర్ణయించారు. 2019 జనవరిలో, శాసనసభ ఎన్నికలకు ముందు, ఈ మొత్తాలను రెట్టింపు చేశారు.

2019 మే 30న ముఖ్యమంత్రిగా ప్రమాణ స్వీకారం చేసిన వై.యస్.జగన్మోహన్ రెడ్డి తొలి సంతకం పింఛను పెంపు దస్త్రం మీదనే చేశారు. పథకం పేరు "వైఎస్సార్ పింఛను కానుక"గా మారినది. వృద్ధుల పింఛను రూ.2,250, వికలాంగుల పింఛను రూ.3,000 అయినవి. వృద్ధుల పింఛను 2022 జనవరిలో రూ.2,500, 2023 జనవరిలో రూ.2,750, 2024 జనవరిలో రూ.3,000 అయినది. వికలాంగుల పింఛను మాత్రం రూ.3,000 దగ్గరే నిలిచినది. దీనితో 2024 ఆరంభానికి రెండు పింఛనులు సమానమైనవి.

2024 ఎన్నికలలో తెలుగుదేశం, జనసేన, భారతీయ జనతా పార్టీల కూటమి వృద్ధులకు రూ.4,000, వికలాంగులకు రూ.6,000 వాగ్దానం చేసి అధికారంలోనికి వచ్చినది. ముఖ్యమంత్రి జూన్ 13న సంబంధిత దస్త్రంపై సంతకం చేయగా, జూలై 1 నుండి కొత్త మొత్తాలు చెల్లించారు. పూర్తి వైకల్యంతో మంచానికే పరిమితమైనవారికి రూ.15,000 నిర్ణయించారు. పథకానికి మళ్ళీ "ఎన్టీఆర్ భరోసా" అన్న పేరు వచ్చినది.

ఆంధ్రప్రదేశ్‌లో 2014 నుండి జరిగిన ప్రతి అధికార మార్పిడితోను పథకం పేరు, మొత్తము రెండూ మారాయి. కేంద్ర పథకం పేరు మాత్రం లబ్ధిదారునికి ఎక్కడా కనబడదు.

కేంద్రం వాటా

కేంద్ర పథకానికి అర్హులైన 80 శాతం పైబడిన వికలాంగునికి ఆంధ్రప్రదేశ్‌లో లభించిన మొత్తంలో కేంద్రం వాటా ఈ విధంగా తగ్గుతూ వచ్చినది.

2009లో: కేంద్రం రూ.200, మొత్తం పింఛను రూ.500, కేంద్రం వాటా 40 శాతం.
2014 అక్టోబరులో: కేంద్రం రూ.300, మొత్తం పింఛను రూ.1,500, కేంద్రం వాటా 20 శాతం.
2019 జూన్‌లో: కేంద్రం రూ.300, మొత్తం పింఛను రూ.3,000, కేంద్రం వాటా 10 శాతం.
2024 జూలైలో: కేంద్రం రూ.300, మొత్తం పింఛను రూ.6,000, కేంద్రం వాటా 5 శాతం.

40 నుండి 79 శాతం వైకల్యం ఉన్నవారి పింఛను పూర్తిగా రాష్ట్ర ఖజానా నుండే వస్తుంది. సొంత నిధులు తక్కువగా ఉన్న రాష్ట్రాలలో లబ్ధిదారులు ప్రధానంగా కేంద్రం ఇచ్చే మొత్తం మీదనే ఆధారపడవలసి వస్తుంది. ఒకే చట్టం కింద ఒకే శాతం వైకల్యంతో ఉన్న ఇద్దరు పౌరులకు, వారు నివసించే రాష్ట్రాన్ని బట్టి, ఎన్నో రెట్లు తేడాతో పింఛను అందుతున్నది.

2016 చట్టము, 25 శాతం నియమము

1995 నాటి చట్టం స్థానంలో వికలాంగుల హక్కుల చట్టానికి 2016 డిసెంబరు 27న రాష్ట్రపతి ఆమోదం లభించినది. ఇది 2017 ఏప్రిల్ 19న అమలులోనికి వచ్చినది. గుర్తించిన వైకల్యాల సంఖ్య 7 నుండి 21కి పెరిగినది. ఈ చట్టంలోని 24వ సెక్షను సామాజిక భద్రతకు సంబంధించినది. ప్రభుత్వాలు తమ ఆర్థిక శక్తి మేరకు పథకాలు రూపొందించాలని, వికలాంగులకు ఇచ్చే సహాయం ఇతరులకు అటువంటి పథకాలలో ఇచ్చే దానికంటే కనీసం 25 శాతం అధికంగా ఉండాలని ఇది చెబుతుంది.

ఈ నియమాన్ని ఆంధ్రప్రదేశ్ వృద్ధుల పింఛనుకు అన్వయిస్తే ఫలితాలు ఇట్లుంటాయి. 2019లో రూ.2,250కి 25 శాతం చేర్చగా రూ.2,812 దాటుతుంది, వికలాంగుల పింఛను రూ.3,000 అంతకంటే ఎక్కువే. 2022లో రూ.2,500కు రూ.3,125 కావలసి ఉండగా పింఛను రూ.3,000. 2024 జనవరిలో రూ.3,750 కావలసి ఉండగా అదే రూ.3,000. 2024 జూలైలో రూ.5,000 కావలసి ఉండగా రూ.6,000. వృద్ధుల పింఛను పెరిగినప్పుడల్లా వికలాంగుల పింఛను దానంతట అదే పెరిగే ఏర్పాటు లేకపోవడమే ఈ హెచ్చుతగ్గులకు కారణము.

ధ్రువపత్రము, పునఃపరిశీలన

పింఛను రావాలంటే వైకల్య శాతం తెలిపే వైద్య ధ్రువపత్రం అవసరము. ఉమ్మడి రాష్ట్రంలో వేర్వేరు ఆసుపత్రులు చేతిరాతతో ఇచ్చే పత్రాలకు బదులుగా, శిబిరాలు పెట్టి కంప్యూటరు ద్వారా శాతాన్ని నమోదు చేసే "సదరం" విధానం 2010 ప్రాంతంలో అమలులోనికి వచ్చినది. తరువాతి కాలంలో దేశమంతటికీ ఒకే విశిష్ట గుర్తింపు కార్డు ఇచ్చే విధానాన్ని కేంద్రం ప్రవేశపెట్టినది.

శాతం మీదనే అర్హత ఆధారపడడం వలన, 40కి ఒక్క అంకె తగ్గినా మొత్తం పింఛను పోతుంది. పింఛను రూ.75గా ఉన్న రోజులలో ధ్రువపత్రం పెద్ద వివాదాంశం కాలేదు. మొత్తం రూ.6,000కు, రూ.15,000కు చేరిన తరువాత బోగస్ ధ్రువపత్రాల ఆరోపణలు పెరిగాయి. 2025 జనవరిలో రాష్ట్ర ప్రభుత్వం పునఃపరిశీలన ప్రారంభించినది. మంచానికి పరిమితమైనవారి ఇళ్ళకు వైద్య బృందాలను పంపి, తక్కిన వికలాంగులను ఆసుపత్రులకు పిలిపించారు.

2025 ఆగస్టులో లక్షకు పైగా లబ్ధిదారులకు నోటీసులు అందాయి. వైకల్యం 40 శాతం కంటే తక్కువగా తేలినవారికి పింఛను నిలిపివేయడము, వయసు ఉన్నవారిని వృద్ధుల పింఛనుకు మార్చడము, రూ.15,000 పొందుతున్న కొందరిని రూ.6,000కు మార్చడము ఈ నోటీసుల సారాంశము. అనర్హులను తొలగించడం అర్హులకు మేలు చేయడమేనని ప్రభుత్వం వాదించినది. పుట్టుకతో వచ్చిన వైకల్యం కొన్నేళ్ళకు ఎట్లా తగ్గుతుందని బాధితులు, ప్రతిపక్ష వైఎస్సార్ కాంగ్రెస్ పార్టీ ప్రశ్నించారు. ఆందోళనల నేపథ్యంలో నోటీసులు అందినవారు అప్పీలు చేసుకొనే అవకాశం ఇచ్చి, సెప్టెంబరు పింఛనును చెల్లించారు.

తోట్లవల్లూరు మండలంలో

తోట్లవల్లూరు కృష్ణా జిల్లాలో కృష్ణానది ఎడమగట్టున ఉన్న మండల కేంద్రము. 2008 నాటి నియోజకవర్గాల పునర్విభజన తరువాత ఈ మండలం పామర్రు శాసనసభ నియోజకవర్గంలో, మచిలీపట్నం లోక్‌సభ నియోజకవర్గంలో చేరినది. 2022 ఏప్రిల్ 4న జరిగిన జిల్లాల పునర్వ్యవస్థీకరణలో ఉయ్యూరు రెవెన్యూ విభాగం కిందకు వచ్చినది. పింఛను దరఖాస్తు గ్రామ సచివాలయంలో మొదలై మండల పరిషత్ అభివృద్ధి అధికారి ద్వారా జిల్లాకు వెళ్తుంది. రాష్ట్రస్థాయిలో గ్రామీణ పేదరిక నిర్మూలన సంస్థ దీనిని నిర్వహిస్తుంది.

పింఛను సొమ్ము ఎంతన్నది ఒక ఎత్తు కాగా, అది చేతికి ఎట్లా అందుతుందన్నది నదీతీర మండలాలలో మరొక ఎత్తు. తోట్లవల్లూరు మండలంలో పాములలంక వంటి లంక గ్రామాలున్నాయి. వరదల కాలంలో వీటికి రాకపోకలు కష్టమవుతాయి. నడవలేని మనిషి ఇటువంటి చోటి నుండి ధ్రువపత్రం కోసం మచిలీపట్నంలోని ప్రభుత్వ ఆసుపత్రికి వెళ్ళాలంటే గట్టు మీదికి వచ్చి, ఉయ్యూరు, పామర్రుల మీదుగా జాతీయ రహదారిపై ప్రయాణించాలి. వెంట ఒక మనిషి ఉండాలి. ఆ మనిషికి ఆనాటి కూలి పోతుంది.

2020 ఫిబ్రవరి 1 నుండి గ్రామ వాలంటీర్లు ఇంటివద్దనే పింఛను ఇవ్వడం మొదలుపెట్టినప్పుడు ఇటువంటి గ్రామాలలోని వికలాంగులకు ప్రయాణ భారం తప్పినది. 2024 మార్చి 30న ఎన్నికల సంఘం వాలంటీర్లు నగదు పంపిణీ చేయరాదని ఆదేశించగా, ఏప్రిల్‌లో సచివాలయాల వద్ద పంపిణీ జరిగినది. వికలాంగులకు, మంచాన ఉన్నవారికి సిబ్బంది ఇంటికి వెళ్ళి ఇవ్వాలని అధికారులు సూచించారు. ఎండలలో వృద్ధులు పడిన ఇబ్బందులు ఆ ఎన్నికల ప్రచారంలో ప్రధానాంశాలలో ఒకటయ్యాయి. జూలై నుండి సచివాలయ ఉద్యోగుల ద్వారా ఇంటింటి పంపిణీ మళ్ళీ మొదలైనది.

2024 సెప్టెంబరు 1 ఆదివారం కావడంతో ఆ నెల పింఛనును ఆగస్టు 31నే ఇచ్చారు. మరి రెండు రోజులకు ప్రకాశం బ్యారేజి వద్ద కృష్ణకు 11 లక్షల క్యూసెక్కులకు మించిన రికార్డు వరద వచ్చి, దిగువనున్న లంకలు మునిగాయి. ఏదైనా కారణంతో ఒక నెల పింఛను తీసుకోలేనివారు మూడు నెలల వరకు కలిపి తీసుకొనే వీలును రాష్ట్ర ప్రభుత్వం 2024 చివరలో కల్పించినది.

తెలంగాణలో

తెలంగాణలో కల్వకుంట్ల చంద్రశేఖరరావు ప్రభుత్వం 2014 నవంబరు 8న "ఆసరా" పథకాన్ని ప్రారంభించినది. వికలాంగులకు రూ.1,500, ఇతరులకు రూ.1,000 ఇచ్చారు. 2019లో ఇవి రూ.3,016, రూ.2,016 అయినవి. 2023లో, ఎన్నికల సంవత్సరంలో, వికలాంగుల పింఛను రూ.4,016కు పెరిగినది. ఆ ఎన్నికలలో గెలిచిన కాంగ్రెస్ పార్టీ "చేయూత" పేరుతో రూ.6,000 వాగ్దానం చేసినది.

ఇతర దేశాలలో

బ్రిటన్‌లో 1992 నుండి ఉన్న వికలాంగుల జీవన భత్యం స్థానంలో 2013లో కొత్త చెల్లింపును ప్రవేశపెట్టి, పాత లబ్ధిదారులను తిరిగి పరీక్షించడం పెద్ద రాజకీయ వివాదమైనది. ఆస్ట్రేలియాలో జాతీయ వైకల్య బీమా పథకానికి 2013లో పార్లమెంటు చట్టం చేసినది. 2014 జూలై నుండి వైద్య సుంకాన్ని 1.5 శాతం నుండి 2 శాతానికి పెంచి దానికి నిధులు సమకూర్చారు. అక్కడ సహాయానికి చట్టము, ప్రత్యేక ఆదాయ మార్గము రెండూ ఉన్నాయి. భారతదేశంలోని పింఛను వార్షిక బడ్జెట్ కేటాయింపు మీదను, ప్రభుత్వ ఉత్తర్వుల మీదను ఆధారపడినది.

విమర్శలు

- కేంద్రం ఇచ్చే రూ.300 ధరల పెరుగుదలతో ముడిపడి లేదు. దానిని పెంచాలని గ్రామీణాభివృద్ధిపై పార్లమెంటు స్థాయీ సంఘం పలుమార్లు సిఫారసు చేసినది.
- 80 శాతం నియమం 2016 చట్టంలోని 40 శాతం ప్రమాణంతో పొసగదని వికలాంగ సంఘాల అభ్యంతరము.
- 18 ఏళ్ళ లోపు పిల్లలు కేంద్ర పథకం పరిధిలో లేరు.
- పింఛను చట్టబద్ధమైన హక్కుగా కాక ఎన్నికల వాగ్దానంగా ఉన్నందున పెంపుదల ఎన్నికల ముందు, కోతలు ఎన్నికల తరువాత జరుగుతున్నాయన్న విమర్శ ఉన్నది. అదే వాగ్దానాల పోటీ లేకపోతే ఆంధ్రప్రదేశ్, తెలంగాణలలో పింఛను ఈ స్థాయికి వచ్చేది కాదన్న వాదన కూడా ఉన్నది.